అక్క గదికి నేను బిగించిన గడియ

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు మనుషుల మొహాలకన్నా ముందు స్క్రూలు కనిపించేవి. తడ దగ్గర ఫ్యాక్టరీలో పొద్దస్తమానం నా పని ఒక్కటే. ముందుకొచ్చిన పెట్టెలో ఎక్కడ కన్నం కనిపిస్తే అక్కడ స్క్రూ పెట్టి, కరెంటు స్క్రూడ్రైవరుతో బిగించడం. మీట నొక్కగానే జుయ్‌మని తిరిగి, బిగిసిన క్షణాన టక్కుమని ఆగేది. ఆ టక్కు చెవిన పడితే చాలు, నాకు కడుపు నిండిపోయేది (సూపర్‌వైజరు తిట్లు కూడా వినపడేవి కావు). మొదటి జీతం రాగానే అమ్మకు చీర, అవ్వకు కళ్లజోడు అనుకుంటూ బజారుకెళ్లి, చార్జింగుతో పనిచేసే స్క్రూ మెషిన్ కొనుక్కుని ఇంటికొచ్చాను. "దీంతో కూరొండుకుందామా?" అంది అమ్మ.

ఆ ఆదివారమే అక్కను చూసుకోవడానికి విడవలూరు నుంచి పెళ్లివారు వస్తున్నారు. అక్కది ఒకటే బాధ. "ఎదురుగా కూర్చుంటే ఏం తెలస్తాది? కాసేపు మాట్లాడనీకుంటే నేనేమని చెప్పేది?" అని గొణుగుతూనే ఉంది. "మాటలన్నీ పెండ్లయినాక మాట్లాడుకోవచ్చులేమ్మే" అని అవ్వ తేల్చేసింది. నాకా గొడవ పట్టలేదు. పొద్దున లేచినప్పటి నుంచి కుర్చీలు, ఫ్యాను, అవ్వ ట్రంకుపెట్టె వరసగా బిగించుకుంటూ, సముద్రపు గాలికి టపటపా కొట్టుకుంటున్న అక్క గది తలుపు దగ్గరికొచ్చాను. లోపల అక్క చీర కట్టుకుంటోంది. కొత్త గడియను సగం తలుపు మీద, సగం ద్వారబంధం మీద ఆనించి, కనిపించిన ప్రతి కన్నంలోనూ స్క్రూ దించేశాను. టక్, టక్, టక్! గడియ పెట్టానని నేను మురిసిపోతున్నాను గానీ, నిజానికి తలుపునూ ద్వారబంధాన్నీ కలిపి కుట్టేశాను.

"ఏమే, తలుపు రావడంలా!" అని అక్క అరిచాకగానీ సంగతి నా బుర్రకెక్కలేదు. విప్పబోతే మెషిన్ ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంది. చార్జి అయిపోయింది. ఇంట్లో ఉండాల్సిన పాత స్క్రూడ్రైవరును, ఇంక దాని మొహం చూడటమెందుకని ముందురోజే పాతసామాన్లవాడికి వేసేశాను. అంతలో వాకిట్లో ఆటో ఆగింది. "నీ మూలాన ఈ సంబంధం తప్పిపోవాల, అప్పుడు చెప్తా నీ కథ!" అంది అమ్మ పళ్లు నూరుతూ. నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

పెళ్లికొడుకు రొయ్యల గుంటల దగ్గర కరెంటు పని చేస్తాడు. "అమ్మాయి పూజలో ఉండాది" అని అమ్మ అంటుండగానే, "పూజా లేదు, ఏం లేదు, తలుపు తీయండి!" అని లోపల్నుంచి కేక వినపడింది. ఆయన లేచి తలుపు చూశాడు, నన్ను చూశాడు, నవ్వాపుకుంటూ చొక్కా జేబులోంచి, స్క్రూలు విప్పడానికీ పనికొచ్చే కరెంటు టెస్టరు తీశాడు. వాళ్లమ్మ నెత్తి కొట్టుకుంది. "జేబులో ఉండేది పెన్ను అంటివి గదరా! పెండ్లిచూపులకు గూడా టెస్టరేనా?"

"జేబులో ఇది లేకుంటే నాకెట్నో ఉంటాదిమా" అన్నాడాయన సిగ్గుపడుతూ. (నా కళ్లకు అప్పుడే బావ అయిపోయాడు.)

"నిదానంగా తిప్పండి, మా చెల్లెలు బిగించిందంటే అంతే" అంది అక్క లోపల్నుంచి.

"పర్వాలేదులేండి. గాలాడతా ఉండాదా మీకు?"

"ఆడతా ఉండాది. అవును గానీ, మీకు చేపలకూర చేయడం వచ్చా?"

ఒక్కో స్క్రూ ఊడుతున్నకొద్దీ మాటలు పెరిగాయి, టెస్టరు తిరగడం తగ్గింది. ఆఖరి స్క్రూ దగ్గర అది పూర్తిగా ఆగిపోయింది. "ఏం నాయనా, బిగుసుకుపోయిందా?" అంది అవ్వ ఆదుర్దాగా.

"లేదవ్వా, మాట్లాడుకుంటా ఉండాం."

ఇల్లంతా ఒక్కసారిగా ఘొల్లున నవ్వింది. తలుపు తెరుచుకున్నాక అక్క మొహం చూస్తే ఇంక ఎవరూ ఏమీ అడగనక్కర్లేకపోయింది.

ఇప్పుడు నేనే సూపర్‌వైజరుని. అరవడమే తప్ప బిగించే పని లేదు. అక్కాబావా ఎప్పుడైనా అలిగితే, "మరదలా, నీ మెషిన్ తీసుకోని రా, మమ్మల్ని గదిలో పెట్టి బిగించి పో" అని బావ ఫోను చేస్తాడు. ఆ ఉప్పుగాలికి మెషిన్ తుప్పుపట్టి ఎప్పుడో మూలబడింది. అయినా సంచిలో వేసుకునే వెళ్తాను. వెళ్లేసరికి ఇద్దరూ నవ్వుకుంటూ కాఫీ తాగుతుంటారు. నేను ఆ పలకని మీటను ఓసారి నొక్కి, నోటితోనే టక్కుమంటాను.