వలిసె చేలో అడ్డం వచ్చిన రాయి

2022 నవంబరు. అరకులోయ రైల్వేస్టేషన్‌కి కూతవేటు దూరంలో మా కాలనీ, అందులో నా స్టూడియో. ఈ లోయలో నేను ఫోటో తియ్యని కొండ లేదు. ఉందంటే అది కొండే కాదు, మట్టిదిబ్బ.

ఆ ఏడు మా కాలనీ సంఘం ఒక క్యాలెండర్ వెయ్యాలనుకుంది. నడిచి వెళ్ళగలిగే దూరంలో ఉన్న పన్నెండు చోట్లు, నెలకొకటి. సెక్రటరీ సూర్యారావు గారు పదకొండు ఫోటోలకూ తల ఊపారు. మిగిలింది జనవరి: కాలనీ వెనక వలిసె అనే నూనెగింజల చేను, కోతకొచ్చినా ఇంకా రాలని పసుపు పూలు, వెనకాల కొండ.

పొద్దున్నే సూర్యారావు గారిని వెంటబెట్టుకెళ్ళి చేని గట్టు మీద ట్రైపాడ్ దింపాను. నా మూడుకాళ్ళ స్టాండు బరువుకి లోయ అంగుళం కుంగిందంటే మీరు నమ్మరు. వెలుతురు ఎలా ఉందో చూసుకోవడానికి తీసే మొదటి ఫోటో, టెస్ట్ షాట్, తీశాను. ఫోర్‌గ్రౌండ్‌లో, అంటే బొమ్మకి ముందుభాగంలో, నాచు పట్టిన రాయి ఒకటి అడ్డంగా కూర్చుని ఉంది. ఏనుగంత ఉంటుంది. పుచ్చకాయంతే అని సూర్యారావు గారంటారు, ఆయనకి కంటి ఆపరేషను కాలేదప్పటికి. ఇద్దరం దాన్ని గట్టు మీదకి దొర్లించాం. అంతటితో ఆగితే నేనెందుకవుతాను? గుంట పూడ్చి, పైన వలిసె కొమ్మలు నాలుగు గుచ్చాను. ఫోటో అద్భుతం.

మర్నాడు పొద్దున ఆ చేను యజమానురాలు బుద్రమ్మ స్టూడియో గుమ్మంలో నిలబడింది. కాలనీలో ట్రైపాడ్ మోసుకు తిరిగేది నేనొక్కణ్ణే కాబట్టి ఆమెకి వెతుకులాట తప్పింది.

"ఏటి బాబూ, మా దేవతని గట్టుమీదకి గెంటేసినావట?"

"దేవతా? అది నాచు రాయి కదమ్మా!"

"నాచేటి? పసుపు! మా అత్త సేతి కాడినుంచి రాస్తన్నాం."

కంప్యూటర్లో టెస్ట్ షాట్ పెద్దది చేసి చూశాను. పసుపే. ముప్పై ఏళ్ళుగా రంగు ఫోటోలమ్ముకుని బతుకుతున్నవాణ్ణి!

"రాయి దొరికింది. దాని సోటే దొరకలేదు," అంది బుద్రమ్మ. "నువ్వు గుంట కప్పేసినావు. రేపు పూజ. పూజ కానిదే కొడవలి పెట్టం. మబ్బు సూడు, వానొస్తే గింజంతా నేలపాలు."

"ఉజ్జాయింపుగా పెట్టేస్తే?" అన్నారు అప్పుడే వచ్చిన సూర్యారావు గారు.

"నీ ఇంటి గడప ఉజ్జాయింపుగా పెట్టుకున్నావా బాబూ?"

ఆయన గబగబా వెళ్ళి తనే గునపం మోసుకొచ్చారు. కాలనీ చరిత్రలో అదే మొదటిసారి.

టెస్ట్ షాట్ ప్రింటు తీసుకుని ముగ్గురం చేలోకి పరిగెత్తాం. గట్టు తడిమట్టిలో ట్రైపాడ్ కాళ్ళ గుంటలు మూడూ అలాగే ఉన్నాయి. వాటిలోనే మళ్ళీ ట్రైపాడ్ నిలబెట్టాను; అదే ఎత్తు, అదే లెన్సు. ప్రింటులో రాయి కొస సరిగ్గా కొండ మీది నొక్కుకి కింద ఉంది. నేను కెమెరాలోంచి చూస్తూ కేకలు వేశాను. సూర్యారావు గారు రాయిని పొట్టకి హత్తుకుని పురిటి నొప్పులు పడ్డారు.

"ఎడమకి! ఇంకొంచెం! ఆగండి!"

అక్కడ తవ్వితే నేను పూడ్చిన గుంట బయటపడింది. అడుగున పాత పసుపు, నల్లబడ్డ బియ్యం గింజలు. బుద్రమ్మ ప్రింటు పక్కన పెట్టుకుని, పసుపు మొహం కొండవైపు తిప్పి రాయిని కూర్చోబెట్టింది. అప్పుడు నావైపు చూసి, "బేగి సెప్పులిప్పు," అంది. విప్పాను.

పూజ జరిగింది. కోత అయింది. చివరి మోపు గట్టెక్కిన సాయంత్రం వాన పడింది. అది నా టెస్ట్ షాట్ మహిమేనని నేను ఇప్పటికీ చెబుతుంటాను.

క్యాలెండర్‌లో జనవరికి రాయి ఉన్న ఫోటోనే వేయించాను. మొదటి కాపీ బుద్రమ్మకిచ్చి, రాయి లేని అద్భుతాన్ని కూడా పక్కన పెట్టి చూపించాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది ఎవుల సేను?" అని అడిగింది.

ఆ రోజు నుంచి నేను ఏ టెస్ట్ షాటూ చెరపను. ఫోర్‌గ్రౌండ్‌లో ఏదైనా అడ్డం వస్తే ముందు చెప్పులు విప్పి, తర్వాత అది ఎవరిదో అడుగుతాను. మొన్న పాడేరు రోడ్డులో అలా విప్పి నిలబడ్డాక అది కిలోమీటరు రాయని తేలింది. అయినా కదపలేదు.