తాండూరు స్టేషన్లో గోధుమల కాపలా

వికారాబాద్ జంక్షన్లో దిగేసరికి మధ్యాహ్నం రెండయింది. డిసెంబరు నెల. ఎండ ఉంది, గాలి చల్లగా ఉంది. వీపు మీద కిట్ బ్యాగు, భుజాన రైఫిలు, ఎడమ పిక్కలో ఇంకా మానని గాయం. అది మానేదాకా తేలిక డ్యూటీ అన్నారు. ఎక్కడని అడిగితే తాండూరు అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా ఊరు దోమ. సరిహద్దులో పోరాడి వచ్చినవాణ్ణి ఇంటి పక్కకే పంపారు. అదీ గోధుమలకు కాపలాగా.

సాయంత్రం ప్యాసింజర్లో తాండూరు చేరాను. స్టేషన్ చివర పక్క లైను మీద వ్యాగన్లు నిలబడి ఉన్నాయి. తలుపులకు సీళ్ళు. విదేశం నుంచి ఓడలో బొంబాయికి, బొంబాయి నుంచి రైల్లో ఇక్కడికి వచ్చిన గోధుమలవి. కాపలాకు ఆరుగురం. మా హవల్దార్ పంజాబీ సర్దార్జీ. యుద్ధంలో సరిహద్దు కొండల్లో ఒక కనుమను పట్టుకున్న దళంలో ఉన్నాడు. భుజంలో తూటా దిగింది. నాలాగే తేలిక డ్యూటీ.

"ఎవరినీ ముట్టుకోనివ్వద్దు. మనమూ ముట్టుకోవద్దు," అన్నాడు హిందీలో. "ఇదే ఆర్డర్."

"ఎన్నాళ్ళు, సాబ్?"

"దించమని హైదరాబాద్ నుంచి కాగితం వచ్చేదాకా."

కాగితం రాలేదు. వానలు మొహం చాటేసిన ఏడు అది. జొన్న చేలు ఎండిపోయాయి. దౌల్తాబాద్, బొంరాస్‌పేట వైపు నుంచి జనం బండ్లు కట్టుకొని వచ్చి గూడ్సు షెడ్డు పక్కన దిగారు. పొద్దున లేచింది మొదలు వ్యాగన్ల వైపే చూస్తూ కూర్చునేవాళ్ళు. కంచెకు ఇవతల మేము, అవతల వాళ్ళు. ఒక రోజు ఆ గుంపులో మా మేనత్త కనబడింది. ఆమెను దౌల్తాబాద్‌లో ఇచ్చారు.

"ఏం అల్లుడా, గీ డబ్బాలకు నువ్వేనా కావలి?"

"అవునత్తా."

"మరి తియ్యరాదు తలుపు."

"ఆర్డర్ రాలేదత్తా."

"ఆర్డర్ తిని బతుకుతమా? గింజలు కండ్ల ముంగట వెట్టి గిట్ల ఉపాసం ఉంచుడేంది?"

స్టేషన్ మాస్టర్ దగ్గరికి వెళ్ళాను. తాండూరు ముస్లిం కుటుంబం ఆయనది. తలపట్టుకొని కూర్చున్నాడు.

"నాకు ఫికర్ లేదనుకున్నవా జవాన్? దినాం హైదరాబాద్‌కు తార్ కొడుతున్న. జవాబ్ లేదు. సీల్ మీద చెయ్యి వడితే నా నౌకరి పోతది. జర సబర్ జెయ్యి."

సబర్ చేశాం. ఓపిక పట్టడం కంటే చేయగలిగింది లేదు.

దేశంలో తిండి చాలడం లేదని, సోమవారం రాత్రి భోజనం మానమని ప్రధాని జనాన్ని కోరిన రోజులవి. హవల్దార్ దాన్ని కూడా ఆర్డర్‌గానే తీసుకున్నాడు. సోమవారం సాయంత్రం మా పొయ్యి వెలిగేది కాదు.

అలాంటి ఒక సోమవారమే రేడియోలో ఆ వార్త వచ్చింది. స్టేషన్ మాస్టర్ గదిలో నిలబడి విన్నాం. పరాయి దేశంలో ఒప్పందం కుదిరింది. ప్రధాని సంతకం పెట్టారు. రెండు సైన్యాలూ పాత చోట్లకు వెళ్ళిపోవాలి. హవల్దార్ ముఖం గట్టిపడింది. ఆయన పట్టుకున్న కనుమ మళ్ళీ అవతలివాళ్ళకే.

"ఒక దేశం వాళ్ళకు ట్యాంకులిచ్చింది, మనకు గోధుమలిచ్చింది. ఇంకో దేశం ఇద్దరినీ కూర్చోబెట్టి సంతకం పెట్టించింది. మధ్యలో మేమెందుకు ఎక్కాం ఆ కొండ? నా పక్కన పడిపోయినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ఏం చెప్పాలి?"

ఆయన బయటికొచ్చి వంటవాణ్ణి పిలిచాడు. "పొయ్యి వెలిగించు."

"సాబ్, ఇవాళ సోమవారం."

"తెలుసు. వెలిగించు."

కంచె అవతల జనం చూస్తుండగానే రొట్టెలు తిన్నాడు. కోపంతో తిన్నాడు. మేమెవరం తినలేదు.

తెల్లారి స్టేషన్ మాస్టర్ పట్టాలు దాటి పరుగున వచ్చాడు. టోపీ చేతిలో ఉంది. "ప్రధాన్‌మంత్రి సాబ్ గుజర్ గయే," అన్నాడు. సంతకం పెట్టిన ఊళ్ళోనే, ఆ రాత్రే పోయారట. హవల్దార్ అటెన్షన్‌లో నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడ్డాడో నేను చూడలేకపోయాను.

మధ్యాహ్నానికి ఆయన టెలిగ్రాములకు జవాబు వచ్చింది, ఎట్టకేలకు. సంతాపంగా ఆఫీసులు మూసేశారు. తెరిచాక గోధుమలు దించుకోవాలట.

నాకు ఒళ్ళు మండిపోయింది. పక్కవాడి ఆకలి కోసం ఒక పూట మానమని అడిగిన మనిషి ఆయన. ఆయన పోయాడని ఆకలిగొన్నవాళ్ళ తిండికి సెలవు ప్రకటించారు!

మేనత్త కంచె దగ్గరికి వచ్చింది. "పెద్దమనిషి పాయె. మాకూ దుఃఖమే. గాయన పేరు జెప్పి మా పొయ్యిలు ఆర్పుతరా?"

ఏమంటోందని హవల్దార్ అడిగాడు. ఒక్క మాట తగ్గించకుండా హిందీలో చెప్పాను.

ఆయన సీళ్ళ జోలికి వెళ్ళలేదు. మా సొంత రేషన్ పిండి బస్తా కంచె దగ్గరికి తెప్పించాడు. పొయ్యి ముందు తనే కూర్చొని రొట్టెలు చేయసాగాడు. మేనత్త కూడా ఒక ముద్ద తీసుకొని జొన్నరొట్టెలా అరచేత్తో తట్టబోయింది. పిండి చేతికి అంటుకొని సాగింది.

"థూ! గిది రొట్టెనా, తోలా?"

"ఏమంది?"

"బాగుందంటోంది, సాబ్."

హవల్దార్ ఆమె ముఖం చూశాడు. "అబద్ధాలకోరు," అన్నాడు నన్ను. రెండు రోజుల్లో ఆయన నవ్వడం అదే మొదలు. అందరికీ తలా ఒక రొట్టె అందింది. ఆయనకు మేనత్త ఒకటి ఇవ్వబోయింది. తీసుకోలేదు.

"నిన్నటి బాకీ," అన్నాడు.

వారం చివర్లో ఆఫీసులు తెరిచారు. వ్యాగన్లూ తెరిచారు. కొన్ని బస్తాలకు పురుగు పట్టింది. అవి కూడా మిగల్లేదు.

ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడు వికారాబాద్ హోటళ్ళలో చాయ్ తాగుతూ మీరు వాదించుకుంటారు. ఆ ప్రధాని కనుమ ఇచ్చేసి తప్పు చేశాడని ఒకరు, రైతును గుర్తుచేసిన నాయకుడని ఇంకొకరు. నన్ను తీర్పు చెప్పమంటారు. చెప్పలేను. హవల్దార్‌కే ఒక రాత్రిలో రెండు తీర్పులు వచ్చాయి. ప్రధాని పేరు చెప్పుకుంటూ ఆఫీసులకు తాళాలు వేసి కూర్చున్నవాళ్ళ గురించి మాత్రం మీరెవరూ వాదించుకోరు.

ఆ బస్తాలు దించిన రోజుల్లోనే నా గాయం మానింది. యూనిట్‌కు తిరిగి రమ్మన్నారు. పొద్దున పూట వికారాబాద్ వైపు వెళ్ళే రైలు ఎక్కి తలుపు దగ్గర నిలబడ్డాను. బస్తాలను పట్టాలు దాటించినప్పుడు చిల్లుల్లోంచి రాలిన గింజలు మా రైలు ముందు పట్టాల మధ్య కంకరలో పడి ఉన్నాయి. ఆడవాళ్ళు వంగి ఏరుతున్నారు. వాళ్ళలో మా మేనత్త. ఇంజను కూత వేసింది. ఎవరూ తల ఎత్తలేదు. గార్డు వెనక నుంచి విజిల్ మీద విజిల్ వేస్తున్నాడు. స్టేషన్ మాస్టర్ ఊపాల్సిన పచ్చ జెండా చుట్టి చంకలో పెట్టుకొని, వాళ్ళకు వీపు తిప్పి, ఎటో చూస్తూ నిలబడ్డాడు.