బాబాయి చెరువు, పిన్ని స్టేటస్

తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ రెండో ఏడు వెలగబెడుతున్న ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. (ఇప్పుడు తెలిసినవి వెతుక్కోవలసి వస్తోంది, అది వేరే సంగతి.) సెలవులకు కలిదిండి దగ్గర బాబాయిగారింటికి వెళ్లగానే ప్రైవసీ మీద గంటసేపు ఉపన్యాసం దంచాను. పొద్దున్న ఉప్మా దగ్గర్నుంచి పెరట్లో బెండకాయల దాకా అన్నీ ఫోన్‌లో స్టేటస్ పెట్టే పిన్ని నవ్వి ఊరుకుంది. బాబాయి మాత్రం నన్ను నెత్తిన పెట్టుకున్నాడు.

దానికి కారణం చేపల పట్టుబడి. మా వైపు చెరువు పట్టే రోజున, అంటే పెంచిన చేపలన్నీ వలేసి తీసే రోజున, గట్టు మీదికి ఎవరొచ్చినా కూరకి ఓ చేప ఇచ్చి పంపాలి. ముందటి పంట రోగమొచ్చి పోయింది, ఈసారైనా నాలుగు చేపలు మిగలకపోతే బాబాయి చెరువు వదులుకోవలసిందే. అందుకని ఆ రోజు ఎప్పుడో ఊళ్లో పొక్కకుండా చూడమన్నాడు. పిన్నికి తెలియకుండా ఆవిడ స్టేటస్ నా ఒక్కదానికే కనబడేలా సెట్టింగ్ మార్చేశాను. పాపం, ఆవిడ పెట్టుకుంటూనే ఉంది. ఎవరూ చూడట్లేదేమిటే, ఊరంతా నా మీద అలిగిందా అని రోజూ దిగులుపడేది. నేను మహా గంభీరంగా తలాడించేదాన్ని.

పట్టుబడి గుట్టుగానే జరిగింది. ట్రేలకెత్తి ఐసు కొట్టిన చేపలతో లారీ కదిలిందో లేదో, వెనక చక్రాలు గట్టు బురదలో కూరుకుపోయాయి. వల లాగినవాళ్లు తోసి తోసి చతికిలబడ్డారు. ఎండెక్కుతోంది, ఐసు నీళ్లై కారిపోతోంది. బాబాయి మొహంలో నెత్తురు చుక్క లేదు. పిన్ని ఊళ్లోవాళ్లని పిలవమంటే, "ఇన్నాళ్లూ దాచి, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని పిలవనే?" అన్నాడు.

"మొహం సంగతి తర్వాత చూద్దాంలెండి, ముందు చేపల సంగతి చూడండి," అని పిన్ని లారీ ఫోటో స్టేటస్ పెట్టేసింది. అది చూడగలిగినదాన్ని నేనొక్కదాన్నే. సంగతి చెప్పి, ఫోను అడిగి సెట్టింగ్ తీసేసి, ఫోటో మళ్లీ పెట్టించాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ కళ్లు తుడుచుకుని, "అయితే ఊరు నా మీద అలగలేదన్నమాట," అంది. ఆ మాటకి నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

కాసేపటికి గట్టు నిండా జనం. (అందరి చేతుల్లోనూ సంచులున్నాయి, అది మాత్రం ఎవరూ మరిచిపోలేదు.) తలో చెయ్యీ వేసేసరికి లారీ కదిలింది. బాబాయి తనే ఒక ట్రే దించి, మొహమాటపడుతున్నవాళ్ల సంచుల్లో కూడా శీలావతి చేపలు వేశాడు. లారీ నిండుగానే వెళ్లింది, చెరువూ నిలబడింది.

ఇప్పుడు ఏలూరులో ఉద్యోగం. మా పాప ఫోటో పెట్టాలంటే ఎవరెవరు చూడాలో ఈనాటికీ ఆలోచిస్తాను, అది తప్పనీ అనుకోను. బాబాయి మాత్రం ఏటా పట్టుబడి ముందురోజు తనే స్టేటస్ పెడతాడు: "రేపు చెరువు పడుతున్నామండీ. సంచులు తెచ్చుకోండి." ఆ గంభీరమైన ఇంజనీరు పిల్లని తలుచుకుని నవ్వుకుంటూ, నేనూ ఓ సంచి మడిచి బ్యాగులో పెట్టుకుంటాను.