డ్రమ్ములోకి రాని వాన

యాభై దాటాక నాకు దొరికిన ఉద్యోగం, అడవిలోని మట్టిదారులు వానకు ఎంత కోసుకుపోతున్నాయో కొలవడం. రాప్తాడు అవతలి గుట్టల్లో, దారి వాలు చివర, ఏనుగు జలకాలాడేంత డ్రమ్ము పాతిపెట్టాను. దారి మీది నీళ్లూ, కొట్టుకొచ్చే మట్టీ అందులో పడాలి. కానీ మా అనంతపురంలో వాన పడాలి కదా! మబ్బుల కోసం చూసి చూసి నా మెడ జిరాఫీ మెడంత సాగింది. నెలాఖరులోగా ఒక్క వాననైనా కొలవకపోతే పరిశోధన మూసేస్తామన్నారు పై అధికారులు. దాంతో నా ఉద్యోగమూ సరి.

చివరి వారంలో గుట్టల నెత్తిన మాత్రం ఆకాశానికి చిల్లు పడింది. బండి మీద ఎగిరి వెళ్లి చూస్తే డ్రమ్ములో చుక్క లేదు! పైన ఓబుళమ్మ అనే రైతు దారికి అడ్డంగా మట్టికట్ట వేసి, నీళ్లనీ మట్టినీ తన చేనులోకి మళ్లిస్తోంది.

"కట్ట తియ్యమ్మా, నీ కాళ్లు మొక్కుతా! నా ఉద్యోగం పోతాది!" అంటూ బురదలో సాష్టాంగపడ్డాను.

"ఏమప్పా, నీ డ్రమ్ముకు దప్పికైతాందా? ఈడ శెనక్కాయ సస్తాండాది, చూడు!"

చూశాను. కాయ కట్టే ఊడలు నేలలోకి దిగాల్సిన వేరుశెనగ మొక్కలు తలలు వాల్చేశాయి. అంతలో కట్ట తెగి, నీళ్లు నా డ్రమ్ము వైపు ఉరికాయి. నా ప్రాణం లేచొచ్చింది. ఓబుళమ్మ మాత్రం గండికి అడ్డంగా తానే కూర్చుని, "పార అందుకో అన్నా!" అని ఏడ్చినంత పని చేసింది.

పార అందుకున్నాను. గండి పూడ్చింది నేనే.

పరిశోధన మూసేశారు. డ్రమ్ము తవ్వి తీసుకుని ఇంటికొచ్చాను. పంట పీకాక ఓబుళమ్మ ఒక సంచి శెనక్కాయలు తెచ్చి ఆ డ్రమ్ములో గుమ్మరించింది.

"కొలుచుకో అన్నా, నీ దారి మట్టి ఇదే."