వసారా లేని ఇంటి ముందు షామియానా

నివాళి పోస్టుకు ఒక పద్ధతి ఉంది. మొదట పోయినవారి పేరు, తరువాత పోస్టు పెట్టేవారితో బంధుత్వం, ఆ తరువాతే దుఃఖం. క్రమం తప్పిన దుఃఖం ఫ్యామిలీ గ్రూపులో చెల్లదు.

నేను మొదటి నిబంధన దగ్గరే ఆగిపోయాను. ఏ పేరు రాయాలి?

పుంగనూరులో ఆమె గంగమ్మ. మదనపల్లెలో గ్రేసమ్మ. మా నాన్నకు అక్క, నాకు అత్త.

నిన్న తెల్లవారగానే కుప్పం నుంచి ఫోను. "మీ అత్త లెయ్యలేదప్పా," అన్నారు పక్కింటివారు.

ఇంత వయసు వచ్చి, "ఇంకొకసారి లేపి చూడండి," అన్నాను.

విషయ నేపథ్యం. పంతొమ్మిది వందల నలభైలలో మా తాత జబ్బుపడి మదనపల్లెలో ఒక మిషన్ ఆసుపత్రిలో చేరాడు. నయమయ్యాక బాప్తిస్మం తీసుకుని అక్కడే పనికి కుదిరాడు. పుంగనూరులోని ఆయన తల్లి కొడుకును గడప తొక్కనివ్వలేదు. మనవరాలిని చూడకుండా మాత్రం ఉండలేకపోయింది.

కాబట్టి ఒప్పందం కుదిరింది. బడి రోజుల్లో అత్త మదనపల్లెలో. సెలవుల్లో పుంగనూరులో, అవ్వ దగ్గర.

అవ్వ ఆమెకు వసారాలో అన్నం పెట్టేది. లోపలికి రానిస్తే ఊళ్లో మాటపడాలి. అందుకని అవ్వే తన పళ్లెం తెచ్చుకుని, గడపకు అవతల, లోపలివైపు కూర్చుని తినేది.

"ఈడ్నే ఉండాను గదమ్మా, తిను," అనేదట.

సెలవులు ముగిశాక మిషన్ బడి టీచరమ్మ వంతు. అన్యుల ఇంటి తిండి తిని వచ్చిన పిల్ల ప్రార్థన తప్పు లేకుండా అప్పజెప్పేదాకా భోజనాల బల్ల దగ్గరికి రాకూడదు. తలుపు మూలన కూర్చోవాలి.

"నా సిన్నతనమంతా వాకిట్లోనే అయిపొయ్యింది నాయనా," అని అత్త నవ్వేది.

నాకు ఎప్పుడూ నవ్వు రాలేదు.

అత్త టీచరై, కుప్పంలో ఇల్లు కట్టుకున్నప్పుడు మేస్త్రీకి ఒకటే చెప్పింది. "వసారా వద్దప్పా."

"వానొస్తే వచ్చినోళ్లు యాడ నిలబడతారమ్మా?"

"నిలబడేది యాల? లోపలికి రమ్మను."

రామకుప్పం నుంచి కూరగాయలు తెచ్చే ఆమె, పరుపులు కుట్టే సాయబు, అందరూ నడిమింట్లో కూర్చునే కాఫీ తాగారు.

మాకు పెట్టిన ఆజ్ఞ కూడా అలాంటిదే. "నేను పోతే నన్ను బయట మాత్రం పెట్టొద్దండి."

నిన్న నేను చేరేసరికి, వసారా లేని ఆ ఇంటికి వీధిలో షామియానా వేసి కొత్తగా వసారా తయారు చేశారు. దాని కింద ఫ్రీజర్ బాక్స్. అందులో అత్త.

"మా ఇంటి ఆడబిడ్డ. పసుపు కుంకుమ లేకుండా యెట్ల ఎత్తేది?" ఇది పుంగనూరు పెదనాన్న, తాత అన్న కొడుకు.

"బాప్తిస్మం అయిన మనిషప్పా. ప్రేయర్ కాకుండా యాల తాకతాండారు?" ఇది మదనపల్లె మామ, మిషన్ వైపు చుట్టం.

"సెలవులకు యాడికొచ్చేది? మా ఇంటికి గదా!"

"వస్తే యాడ కూసోబెట్నారు?"

"మీరు బల్లకాడ కూసోబెట్నారా?"

మధ్యాహ్నం దాటింది. "ముందు అత్తను లోపలికి తీసుకుపోదాం. కొట్లాట తరువాత పెట్టుకోండి," అన్నాను.

అప్పుడు రెండు పక్షాలూ ఒక్కటయ్యాయి. బయటికి తెచ్చిన శవాన్ని మళ్లీ లోపలికి తీసుకుపోకూడదట. నలభైల నుంచి ఈ కుటుంబం ఏకగ్రీవంగా ఆమోదించిన మొదటి తీర్మానం అదే.

చివరికి కుంకుమ పెట్టారు. ప్రేయరూ చేశారు. రెండూ వీధిలోనే. సాయంత్రం అక్కడి నుంచే తీసుకుపోయాం.

అందువల్ల మేనల్లుడి హోదాలో ఇందుమూలంగా ప్రకటించునది ఏమనగా: ఆ ఇంటి గడప నిన్నటితో రద్దయింది. ఇకమీదట ఎవరు ఎక్కడ నిలబడినా లోపల ఉన్నట్టే. ఈ నియమం గడిచిన కాలానికి కూడా వర్తిస్తుంది. అవ్వ వసారా, బడి తలుపు మూల, నిన్నటి షామియానా, అన్నీ లోపలే.

లోపలే ఉండావత్తా. నిమ్మళంగా పడుకో.

ఈ నియమం అంతిమం. అభ్యంతరాలు ఉన్నవారు లోపలికి వచ్చి చెప్పుకోవలెను.