పెరగని అంకె

ఒవీడియో అర్గెటా అంకె ఇచ్చాడంటే అది మళ్లీ పెరగదు. ఆ కొండ మీది ఆవిరి విద్యుత్ కేంద్రంలో అతనికి ఉన్న పేరు అది. ఇన్నేళ్ల కొలువులో అతను సంపాదించుకున్నది ఆ ఒక్క పేరే. దాని వెనక ఉన్నది తెలివి కాదు, భయమని అతనొక్కడికే తెలుసు.

భూమి కడుపులోంచి వచ్చే ఆవిరిని గొట్టాలు కొండ దిగువకి మోసుకుపోతాయి. వేడెక్కిన గొట్టం సాగుతుంది. సాగే గొట్టాన్ని కదలకుండా పట్టి ఉంచే కాంక్రీటు దిమ్మని యాంకర్ అంటారు. గొట్టం ఆ దిమ్మని ఎంత బలంగా తోస్తుందో ముందుగా ఉజ్జాయింపున చెప్పడం ఒవీడియో పని. పక్కా లెక్క తర్వాతెప్పుడో కంప్యూటర్లో తేలుతుంది. పునాదుల వాళ్లు అంతదాకా ఆగరు.

కొత్తలో అతను తోచింది తోచినట్టే చెప్పాడు. తర్వాత లెక్క పెరిగింది, పోసిన దిమ్మని పగలగొట్టాల్సి వచ్చింది. పునాదుల విభాగంలో ఉండే ఎవీలియో క్యాంటీన్లో అందరి ముందూ ఆ సంగతి ఎత్తాడు.

"ఏమోయ్, నీ అంకెకి రోజూ నీళ్లు పోస్తున్నావా? ఏపుగా ఎదుగుతోంది."

పుపూసా రొట్టెలు తింటున్న వాళ్లంతా పొలమారేలా నవ్వారు. ఆనాటి నుంచి ఒవీడియో ప్రతి అంకెనీ రెట్టింపు చేసి ఇచ్చాడు. ఎవీలియో దాని మీద తన వంతు కలిపేవాడు. మట్టి పరీక్ష చేసేవాడు తనదీ కాస్త వేసేవాడు. ఎవరు ఎంత కలిపిందీ ఎవరికీ చెప్పుకునేవాళ్లు కారు. ఇంతమంది జాగ్రత్తపరులు చేరాక దిమ్మలు గదులంత వెడల్పు కావడంలో వింతేముంది.

ఆ జాగ్రత్తంతా చివరికి నీన్యా త్రాన్సితో అనే ఆవిడ నెత్తిన పడింది. సపోతియో అనే ఊళ్లో అనాసపండు జామ్ పెట్టిన సెమీతా రొట్టెలు కాల్చి అమ్ముకునే ముసలావిడ ఆమె. పెరట్లో వాళ్లమ్మ కట్టిన మట్టి పొయ్యి ఉండేది. దాని పక్కనుంచే గొట్టం పోతుంది, అక్కడే ఒక యాంకర్ రావాలి. ఎగువ గొట్టం ఆ దిమ్మని కిందికి తోస్తుంది, దిగువ గొట్టం పైకి తోస్తుంది. రెండూ ఒకేసారి వేడెక్కుతాయి కనుక చాలావరకు చెల్లుకు చెల్లు. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే మిగిలేది కొంచెమే. ఒవీడియో తీసెయ్యలేదు. ఒక వైపు బలమంతా తీసుకుని, అలవాటు కొద్దీ రెట్టింపు చేశాడు. సున్నంతో వేసిన దిమ్మ గుర్తు పొయ్యి మీదుగా పోయింది.

"నాయనా, ఒక బారెడు అవతలికి జరపడానికి వీల్లేదా?" అని అడిగింది ఆవిడ.

"కుదరదమ్మా. గొట్టం తోస్తే మామూలుగా ఉండదు," అన్నాడు. మళ్లీ లెక్క చూసుకుందామనైనా అనుకోలేదు.

పక్కా లెక్క వచ్చేనాటికి పొయ్యి ఇంకా నిలిచే ఉంది. అతను చెప్పినదాంట్లో ఆరో వంతే తేలింది. ఆ మాట బయటపెడితే దిమ్మ పటాలన్నీ మళ్లీ గియ్యాలి. ఈసారి ఎవీలియో, నీ అంకె ఎండిపోతోందేమిటోయ్ అంటాడు. ఒవీడియో కంప్యూటర్ కట్టేసి భోజనానికి వెళ్లాడు. ఆ వారమే పొయ్యిని పడగొట్టారు.

ఇరుగుపొరుగు గొడవకి దిగితే ఆవిడే వాళ్ల నోళ్లు మూయించింది. "ఆ అబ్బాయి లెక్క కట్టి చెప్పాడు. మీకేమైనా లెక్కలొచ్చి ఏడ్చాయా? గొట్టం జారితే ముందు పోయేది మన కొంపలే."

కంపెనీ వాళ్లు కట్టిచ్చిన ఇటుకల పొయ్యిలో రొట్టె అడుగు మాడేది, పైన పచ్చిగా ఉండేది. ఒవీడియో తనిఖీకి వచ్చినప్పుడల్లా ఆవిడ మాడనివి ఏరి పొట్లం కట్టేది. డబ్బు తీసుకునేది కాదు. అతను ఆ పొట్లం విప్పేవాడు కాదు. ఆవిడ కళ్లలోకి చూడ్డానికి సిగ్గేసి గొట్టాన్నే చూస్తూ మాట్లాడేవాడు.

ఒకనాడు పొట్లం చేతికిస్తూ అంది: "మా మనవరాలికి నీ పేరే చెప్తున్నా నాయనా. చదివితే అలా చదవాలే, ఉన్న మాట మొహం మీద చెప్పే మనిషివి కావాలే అని."

ఆ మాటకి అతని తల కొట్టేసినట్టయింది.

"అమ్మా, ఆ దిమ్మ అంత అక్కర్లేదు. ఆరో వంతు చాలేది. నీ పొయ్యి జోలికి రావాల్సిన పనే లేదు."

ఆవిడ నడుముకి కట్టుకున్న గుడ్డకి చేతులు తుడుచుకుంది. "ఎప్పుడు తెలిసింది?"

అబద్ధమాడ్డానికి వీలుంది. ఆడలేదు.

"పొయ్యి పడగొట్టకముందే."

ఆవిడ పొయ్యిలోంచి ఒక బొగ్గు తీసి ఇచ్చింది. "ఎక్కడిదాకా చాలేదో గియ్యి."

ఒవీడియో మోకాలెత్తు దిమ్మ ఎక్కి గీశాడు. గరుకు కాంక్రీటు మీద గీత వంకర పోయింది. ఆవిడ రొట్టెలు పొయ్యిలోకి తోసే పలక పట్టుకుని దిమ్మెక్కింది. పాత పొయ్యి ఉన్నచోటికి నడిచి, పలక లోపలికి తోసినట్టు వంగి, వెనక్కి తిరిగి గీత దగ్గరికి వచ్చింది.

"తిరగడానికి చోటుండేది," అంది. పొట్లం అతని చేతిలోంచి తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆఫీసులో అతను ఎవరికీ చెప్పలేదు. అక్కడ అతని అంకె ఇప్పటికీ పెరగదు.

వానాకాలమంతా ఏవో వంకలు చెప్పి ఆ తనిఖీకి వేరేవాళ్లని పంపాడు. అన్ని వానలకి గీత కొట్టుకుపోయి ఉంటుందని ధైర్యం చెప్పుకుని, వానలు వెలిశాక వెళ్లాడు. దిమ్మ మీద గీత నల్లగా, మందంగా ఉంది. అతను గీసిన వంకర కూడా పోకుండా ఎవరో దాని మీద కొత్త బొగ్గుతో దిద్దుతూ వస్తున్నారు.