అమ్మ దండచేతి గాజులు

ఇది రాసేవాణ్ని కాదు... ముల్లు గుచ్చుకున్న కథ ఎవరికి కావాలని వదిలేశాను. నిన్న మనవరాలు బడిలో చెప్పమన్నారని, "తాతా, మనం ఎవరం?" అని అడిగింది. మా అమ్మ చెయ్యే గుర్తొచ్చింది.

మా చిన్నప్పుడు... ఎనభైల్లో... నిడమనూరు దగ్గర మా తండాలో ఆడవాళ్లకు మోచేతి పైనుంచి భుజం దాకా తెల్లటి గాజులుండేవి. పెళ్లినాడు తొడిగితే, మళ్లీ తీసేది భర్త పోయిననాడే. ఆ గాజులు, అద్దాల లంగా చూస్తే చాలు, కండక్టర్ అడక్కుండానే మా తండా దగ్గర బస్సు ఆపేవాడు. బడిచొక్కాతో నేనొక్కణ్ని ఎక్కితే మాత్రం స్టాపు దాటించేవాడు... సరే, అది వేరే గోల.

ఒకసారి తుమ్మముల్లు దిగి అమ్మ కుడిచెయ్యి బూరెలా వాచింది. గాజులు కండలోకి దిగబడ్డాయి. మిర్యాలగూడ దవాఖానకు పోయాం. కోదాడ వైపు నర్సమ్మ చూసి, "ఇవి కోసెయ్యాలమ్మా, లేకపోతే చెయ్యే పోద్ది" అంది.

"చెయ్యి పోతే పోనీ. ఇవి తీస్తే మా ఆయన పోయిండంటరు."

"మీ ఆయన బయట బీడీ తాగుతున్నాడు కదమ్మా!"

"గది నీకెరుక. తండకెట్ల ఎరుక?"

నర్సమ్మ తన మెడలో తాళి తడుముకుంది. నాన్నను పిలిచి అమ్మ ఎదురుగా కూర్చోబెట్టింది. "ఇదిగో, మీ ఆయన్నే చూస్తా ఉండు."

ఒక్కో గాజు తెగుతుంటే అమ్మ రెప్ప వెయ్యకుండా నాన్ననే చూసింది.

సాయంత్రం బస్సు దిగాక నాన్న బీడీకట్ట కోసం రోడ్డు మీది డబ్బా కొట్టు దగ్గర ఆగాడు. అమ్మా నేనూ ముందు నడిచాం. గాజులున్న ఎడమచెయ్యి ముసుగులో ఉంది. బోసిగా ఉన్న కుడిచెయ్యే పైకి కనబడుతోంది. తండా మొదట్లో కూర్చున్న ముసలి పెద్దమ్మ దాన్ని చూసింది... అంతే, శోకం అందుకుంది!

ఇళ్లలోని ఆడవాళ్లంతా ఉరికొచ్చి అమ్మ మెడ చుట్టుకున్నారు. మావాళ్లు ఏడిస్తే పాటలాగా ఏడుస్తారు, అందులో పోయినవాడి మంచితనమంతా వస్తుంది. నాన్న అంత మంచివాడని నాకు ఆ రోజే తెలిసింది. "ఆగుండ్రి, జర ఇనుండ్రి" అని అమ్మ మొత్తుకున్నా వినేవాళ్లేరీ?

ఇంతలో నాన్న వచ్చాడు. బీడీ పారేసి, గుంపు వెనక నిలబడి మెల్లగా అడిగాడు, "అయ్యో... ఎవలు పోయిండ్రు?"

"నువ్వే!" అంది అమ్మ.

పెద్దమ్మ కళ్లు తుడుచుకుంటూ నాన్న మీద పడింది. "బీడీలు గిప్పుడే గావాల్నారా? ముందల నడిస్తే కాళ్లరుగుతయా? ఏడ్సి ఏడ్సి నా గొంతు పాయె!"

ఇప్పుడు మా ఇంట్లో ఎవరి చేతికీ ఆ గాజులు లేవు. మేమెవరమో చెప్పాలంటే ఆఫీసువాళ్లిచ్చిన కులం కాగితం చూపించాలి... బరువు తగ్గింది, నిజమే. మీ ఇళ్లల్లో అట్లా మనిషిని పట్టించే గుర్తు ఏముండేదో, ఎవరితో ఆగిపోయిందో రాయండి...

అన్నట్టు, వాపు దిగి కొత్త గాజులు తొడిగేదాకా అమ్మ ఎక్కడికి పోయినా నాన్న ముందు నడిచాడు.